సెయింట్ థామస్ వెళ్లిపోయాక మయాక్ నిలుస్తుందా? టెన్నిస్ ఆడే మీ అమ్మాయి కోసం ఒక తండ్రి జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదండి. మీ అమ్మాయి పదకొండో తరగతి, టెన్నిస్ బాగా ఆడుతుంది, మిన్నెసోటాలోనే ఏదైనా చిన్న కాలేజీలో చేరి ఆట కొనసాగించాలని ఉంది. ఈలోగా మేపుల్ గ్రోవ్ గుడి దగ్గర ఎవరో "ఆ కాలేజీల కాన్ఫరెన్స్ 2019లో సెయింట్ థామస్‌నే గెంటేసింది, అదేం నిలకడ" అన్నారు. వాళ్లన్నది మయాక్ గురించి, అంటే ఆటల కోసం మిన్నెసోటా చిన్న కాలేజీలు కలిసి వేసుకున్న పొత్తు. సెయింట్ థామస్ అందులో ఉండిన ఒక కాలేజీ. అందుకని మిగతావి కూడా చెదిరిపోతాయా, కాన్ఫరెన్స్ చూసి కాలేజీ ఎంచుకోవాలా, ఆటకి స్కాలర్‌షిప్ వస్తుందా అని అడిగారు.

మా అమ్మాయి ఇదే కాన్ఫరెన్స్‌లో నాలుగేళ్లు టెన్నిస్ ఆడింది. నేను ఇక్కడికి వచ్చి ఇరవై ఆరేళ్లు. ఆ నాలుగేళ్లలో శనివారాలన్నీ బెంచీల మీదే గడిపాను, ఇప్పటికీ మ్యాచ్‌లకు వెళ్తుంటాను. కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

స్కాలర్‌షిప్ మాట ముందే తేల్చేద్దాం. ఈ కాలేజీలన్నీ డివిజన్ 3, అంటే ఇక్కడి కాలేజీ ఆటల మూడు స్థాయుల్లో మూడోది. ఆట ఆడినందుకు అక్కడ ఒక్క డాలరు కూడా ఇవ్వరు, ఇవ్వకూడదని నియమం. ఇచ్చేది ఎక్కువగా మార్కులనీ ఇంటి ఆదాయాన్నీ చూసే. పైకి కనపడే ఫీజు చూసి చాలామంది మనవాళ్లు మొదట్లోనే వెనక్కి తగ్గుతారు. అలా తగ్గకండి. చదువు మీద ఇచ్చే తగ్గింపు తీసేశాక అసలు మన చేతి నుంచి పడేది ఎంతో ప్రతి కాలేజీ వెబ్‌సైట్‌లోనూ లెక్క వేసుకోవచ్చు. దాన్ని చూశాకే మాట్లాడుకోవాలి.

ఇక కాన్ఫరెన్స్ సంగతి. మిన్నెసోటా ఇంటర్‌కాలేజియేట్ అథ్లెటిక్ కాన్ఫరెన్స్ దాని పూర్తి పేరు, ఇక్కడ అందరూ మయాక్ అంటారు. మనకి ఇది అర్థం కావడం కష్టం, ఎందుకంటే మన దగ్గర ఇలాంటిది లేదు. నేను ఆంధ్రా యూనివర్సిటీ కింద ఇంటర్ కాలేజియేట్ బాల్ బ్యాడ్మింటన్ ఆడాను. మా కాలేజీ ఎవరితో ఆడాలో మా కాలేజీ తేల్చుకోలేదు. యూనివర్సిటీ కింద ఉన్నాం కాబట్టి ఆడాం. యూనివర్సిటీ జట్టు సౌత్ జోన్‌కి వెళ్లిందంటే దక్షిణాదిలో ఉంది కాబట్టి వెళ్లింది. "మాకు మద్రాసు వాళ్లతో ఆడటం ఇష్టం లేదు" అనే మాటకి తావే లేదు. ఇక్కడ అలా కాదండి. కాన్ఫరెన్స్ అంటే కాలేజీలు తమంతట తాము కలిసి వేసుకున్న పొత్తు. ప్రెసిడెంట్లు కూర్చుని ఓటేస్తారు. ఎవరితో ఆడాలి, ఎంత దూరం పోవాలి, క్లాసులు ఎన్ని పోవచ్చు, అన్నీ వాళ్లే తేల్చుకుంటారు. పొత్తు కాబట్టి కలవడం ఉంటుంది, వేరు పడటమూ ఉంటుంది.

మయాక్ 1920లో మొదలైంది. అప్పుడు ఏడు కాలేజీలు: కార్ల్‌టన్, గస్టేవస్ అడాల్ఫస్, హామ్‌లిన్, మెకాలెస్టర్, సెయింట్ జాన్స్, సెయింట్ ఓలాఫ్, సెయింట్ థామస్. మీరు విన్న సెయింట్ థామస్ పునాది రాయి వేసినవాళ్లలో ఒకటన్నమాట. ఆ తర్వాత మూర్‌హెడ్‌లోని కాంకోర్డియా, మినియాపోలిస్‌లోని ఆగ్స్‌బర్గ్, వినోనాలోని సెయింట్ మేరీస్ ఒక్కొక్కటిగా 1920ల్లోనే చేరాయి.

అక్కడి నుంచి రాకపోకలు ఆగలేదు. కార్ల్‌టన్ 1925లో బయటికి వెళ్లిపోయి మళ్లీ 1983లో వచ్చింది. సెయింట్ ఓలాఫ్ కూడా మధ్యలో రెండు దశాబ్దాలకు పైగా బయట ఉండి 1970ల్లో తిరిగొచ్చింది. ఈ రెండు కాలేజీలూ నార్త్‌ఫీల్డ్ అనే ఒకే చిన్న ఊళ్లో, నదికి చెరో వైపు ఉంటాయి. బయట ఉన్నప్పుడు కూడా ఒకదాన్నొకటి వదల్లేదు. 1977లో గజాల బదులు మీటర్లతో కొలిచిన మైదానం మీద ఫుట్‌బాల్ (మన ఫుట్‌బాల్ కాదు, బంతి చేత్తో పట్టుకుని పరుగెత్తే అమెరికన్ ఆట) ఆడుకున్నాయి, సెయింట్ ఓలాఫ్ 43–0తో గెలిచింది. ఇప్పటికీ నార్త్‌ఫీల్డ్ వెళ్తే ఎవరో ఒకరు ఆ కథ చెప్పకుండా వదలరు. డులూత్‌లోని ప్రభుత్వ యూనివర్సిటీ పాతికేళ్ల పాటు మయాక్‌లో ఉండి 1970ల మధ్యలో వెళ్లిపోయింది. బెథెల్ 1970ల చివర్లో వచ్చింది. 1980ల్లో అమ్మాయిల కాలేజీలు సెయింట్ కేథరిన్, సెయింట్ బెనెడిక్ట్ చేరాయి. అమ్మాయిల ఆటలు కాన్ఫరెన్స్‌లో స్థిరపడిన కాలం అదే. మీ అమ్మాయికి ఇవాళ ఈ దారి ఉందంటే ఆ మార్పు వల్లే. మగపిల్లల ఫుట్‌బాల్ గొడవల్లో పడి దీన్ని ఎవరూ పెద్దగా తలచుకోరు, నాకు మాత్రం మయాక్ చరిత్రలో అన్నిటికంటే పెద్ద మార్పు ఇదే అనిపిస్తుంది.

ఇంకో విషయం. కాలేజీ మొత్తం వెళ్లకుండా ఒక్క ఆట మటుకు వెళ్లడం కూడా ఉంది. మెకాలెస్టర్ ఫుట్‌బాల్ జట్టు 1970ల్లో వరసగా 50 ఆటలు ఓడింది. ఆ ఓటముల వరస 1980లో ఆగింది. ఆ తర్వాతా ఆ పోటీని తట్టుకోలేక, 2002లో ఫుట్‌బాల్‌ని మాత్రం కాన్ఫరెన్స్ నుంచి తీసేసుకుంది. మిగతా ఆటలన్నీ మయాక్‌లోనే ఉన్నాయి. ఫుట్‌బాల్ ముందు ఏ పొత్తూ లేకుండా ఒంటరిగా, తర్వాత మిడ్‌వెస్ట్ కాన్ఫరెన్స్‌లో ఆడి, 2021లో తిరిగొచ్చింది. 2021లో ఎందుకు రాగలిగిందో ఊహించడం కష్టం కాదు, ఆ ఏడాదే సెయింట్ థామస్ వెళ్లిపోయింది.

ఇప్పుడు ఆ కథ. సెయింట్ థామస్ సెయింట్ పాల్ నగరంలోనే ఉంది, మెకాలెస్టర్ నుంచి నడిచి పోయేంత దూరం. కాకపోతే పెద్దదైపోయింది. బ్యాచిలర్స్ విద్యార్థులే 6,000 మందికి పైన. మిగతా కాలేజీలు ఎక్కువగా 1,500కీ 3,000కీ మధ్యలో ఉంటాయి. నగరం నడిబొడ్డు, బిజినెస్ చదువులకి మంచి పేరు, ఆటల మీద పెట్టుబడి. 2008లో కొత్త ఫుట్‌బాల్ కోచ్ గ్లెన్ కరూసో వచ్చాక జట్టు నాలుగైదేళ్లలో డివిజన్ 3 జాతీయ ఫైనల్‌కి చేరింది. 2012లో ఒకసారి, 2015లో మరోసారి ఫైనల్ ఆడి మౌంట్ యూనియన్ చేతిలో ఓడింది. బాస్కెట్‌బాల్‌లో 2011, 2016 జాతీయ టైటిళ్లు గెలిచింది. అన్ని ఆటలూ కలిపి ఇచ్చే కాన్ఫరెన్స్ ట్రోఫీ ఏళ్ల తరబడి వాళ్ల ఇంట్లోనే ఉంది.

2017 అక్టోబర్‌లో సెయింట్ ఓలాఫ్ మీద సెయింట్ థామస్ 97–0తో గెలిచింది. ఈ స్కోరు గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఆ తర్వాత రెండేళ్లు ఎవరు మాట్లాడినా ఇదే ఎత్తారు. అటువైపు ఆడిన పిల్లలు కూడా పొద్దున కెమిస్ట్రీ ల్యాబ్‌కి వెళ్లి వచ్చినవాళ్లే. వాళ్ల అమ్మానాన్నలు ఎలా కూర్చున్నారో నేను ఊహించుకోగలను. ఆ ఏడాదే మరో సంగతి జరిగింది, దాన్ని మాత్రం తక్కువమంది చెబుతారు: సెప్టెంబర్‌లో మినియాపోలిస్ టార్గెట్ ఫీల్డ్‌లో సెయింట్ థామస్‌కీ సెయింట్ జాన్స్‌కీ జరిగిన ఆటకి 37,355 మంది వచ్చారు. డివిజన్ 3 చరిత్రలో అంతమంది ఎప్పుడూ రాలేదు. టామీలు, జానీలు అని ఇక్కడ వాళ్లని పిలుస్తారు. ఒకే నెలన్నరలో ఒకే జట్టు కాన్ఫరెన్స్‌కి ఇంత పేరు తెచ్చింది, ఇంత తలవంపూ తెచ్చింది.

2019 మే 22న ప్రకటన వచ్చింది. సెయింట్ థామస్‌ను దాని ఇష్టంతో పనిలేకుండా తొలగిస్తున్నామని, 2021 వసంతం దాకా ఆడుకోవచ్చని. నియమం తప్పిందనో మోసం చేసిందనో ఒక్క ఆరోపణ కూడా లేదు. కారణం పోటీలో సమానత లేకపోవడం. కొన్ని కాలేజీలు తామే బయటికి పోతామని అంటున్నాయనీ, అలా పోతే కాన్ఫరెన్సే కూలిపోతుందనీ అప్పుడు వార్తలు వచ్చాయి. అంటే పదకొండు, పన్నెండు మంది ఇల్లు వదలడమా, ఒకరు వదలడమా అన్న దగ్గరికి వచ్చిందన్నమాట.

మా పక్కింటాయన సెయింట్ థామస్‌లో చదివినవాడు. ఆ సాయంత్రం గడ్డి కోస్తూ కోస్తూ మిషన్ ఆపేసి వచ్చి, "మేం మొదలుపెట్టిన కాన్ఫరెన్స్ నుంచి మమ్మల్నే పొమ్మన్నారు" అన్నాడు. అరవై దాటిన మనిషి, కళ్లలో నీళ్లు తిరిగాయి. నా ఉద్దేశం చెప్తాను: విడిపోవడం తప్పలేదు, విడదీసిన తీరు మాత్రం బాగాలేదు. తొంభై తొమ్మిదేళ్లు కలిసి ఉన్నవాళ్లకి తామే గౌరవంగా బయటికి వెళ్లే దారి, సమయం ముందుగానే ఇచ్చి ఉండాల్సింది. కానీ 1,600 మంది ఉన్న కాలేజీని 6,000 మంది ఉన్న కాలేజీతో ప్రతి ఏడాదీ ప్రతి ఆటలోనూ తలపడమనడం కూడా న్యాయం కాదు.

ఇక్కడ మీకు పనికొచ్చే మాట ఒకటుంది, టెన్నిస్ తండ్రిగా చెబుతున్నాను. ఆధిపత్యమే కారణమైతే గస్టేవస్‌ను ఎప్పుడో పంపేయాలి. సెయింట్ పీటర్‌లో ఉన్న ఆ చిన్న కాలేజీ మగపిల్లల టెన్నిస్‌లో 1980లోనూ 1982లోనూ జాతీయ టైటిల్ గెలిచింది, మయాక్ టైటిల్ దశాబ్దాల పాటు దాదాపు వాళ్లదే. ఎవరూ ఒక్క మాట అనలేదు. సెయింట్ జాన్స్ కోచ్ జాన్ గాగ్లియార్డి 1953 నుంచి 2012 దాకా ఉండి, మొత్తం కెరీర్‌లో 489 ఫుట్‌బాల్ ఆటలు గెలిచాడు, కాలేజీ ఫుట్‌బాల్‌లో అదే అత్యధికం. వాళ్లనీ ఎవరూ పొమ్మనలేదు. ఒక ఆటలో ఒక కాలేజీ గొప్పగా ఉంటే మిగతావాళ్లు ఓర్చుకుంటారు, గర్వపడతారు కూడా. పరిమాణంలో, డబ్బులో, అన్ని ఆటల్లో ఒకేసారి ఒకరు పైకి వెళ్లిపోతే మాత్రం పొత్తు నిలవదు. అందుకే మిగిలిన కాలేజీల గురించి మీరు భయపడక్కర్లేదు. వాటిలో అలాంటిది ఇంకొకటి లేదు.

సెయింట్ థామస్‌కి ఏమైందంటారా? వాళ్లు ఏడుస్తూ కూర్చోలేదు. డివిజన్ 3 నుంచి నేరుగా అన్నిటికంటే పై స్థాయి డివిజన్ 1కి వెళ్లడానికి అప్పటి నియమాలు ఒప్పుకునేవి కావు, మధ్యలో డివిజన్ 2లో కొన్నేళ్లు ఉండాల్సి వచ్చేది. 2020లో వాళ్లకి ప్రత్యేకంగా అనుమతి వచ్చింది. 2021లో సమ్మిట్ లీగ్ అనే డివిజన్ 1 కాన్ఫరెన్స్‌లో, ఫుట్‌బాల్‌కి పయనీర్ లీగ్ అనే మరో దాంట్లో చేరారు. ఆధునిక కాలంలో అలా నేరుగా దూకిన మొదటివాళ్లు వాళ్లే. 2025లో కొత్త అరీనా తెరిచారు. మంచిదే. కానీ ఒకటి చూడండి. ఇదివరకు వాళ్ల పిల్లలు మెకాలెస్టర్‌కి కాలినడకన, హామ్‌లిన్‌కి పది నిమిషాల బస్సులో వెళ్లి ఆడి, రాత్రికి సొంత మంచం మీద పడుకునేవాళ్లు. ఇప్పుడు డకోటాలకీ ఓక్లహోమాలోని టల్సాకీ పోవాలి. ఆటే జీవితం అనుకునే పిల్లకి అది వరం. మీ అమ్మాయి ప్రీ మెడ్ (మెడికల్ కాలేజీకి సిద్ధం చేసే డిగ్రీ చదువు) అన్నారు కదా, లెక్క వేరు.

ఖాళీ అయిన చోటికి 2021లోనే డులూత్ నుంచి సెయింట్ స్కొలాస్టికా వచ్చింది. అంతకుముందు అది అప్పర్ మిడ్‌వెస్ట్ అనే పక్క కాన్ఫరెన్స్‌లో ఉండేది. దాంతో మళ్లీ పదమూడు. అందులో సెయింట్ జాన్స్ మగపిల్లల వరకే, సెయింట్ బెనెడిక్ట్, సెయింట్ కేథరిన్ ఆడపిల్లల వరకే, కాబట్టి అమ్మాయిల వైపు పన్నెండు కాలేజీలు లెక్కలోకి వస్తాయి. అన్నిటిలోనూ టెన్నిస్ ఉంటుందని అనుకోకండి, ఒక్కొక్కటీ విడిగా చూసుకోండి. ఫుట్‌బాల్‌ని రెండు విభాగాలుగా చీల్చారు.

ఒక చోట నింపితే మరో చోట ఖాళీ అవుతుంది. స్కొలాస్టికా వచ్చేయడంతో పక్క కాన్ఫరెన్స్ ఒక పెద్ద సభ్యుణ్ణి పోగొట్టుకుంది. ఈ ఉత్తరాది ప్రాంతంలో చిన్న కాలేజీలు మూతపడుతున్న కాలం ఇది. మిషిగన్‌లోని ఫిన్లాండియా 2023లో, విస్కాన్సిన్‌లోని ఆష్‌లాండ్‌లో ఉన్న నార్త్‌లాండ్ 2025లో మూసేశారు. పుట్టే పిల్లలు తగ్గారు, ఇంటర్ దాటి వచ్చేవాళ్లు తగ్గారు, చిన్న ప్రైవేటు కాలేజీ నడిచేదే ఫీజుల మీద. అందుకే మీరు "కాన్ఫరెన్స్ నిలుస్తుందా" అని అడిగినప్పుడు నాకు అసలు అడగాల్సిన ప్రశ్న పక్కనే ఉందనిపించింది: ఆ కాలేజీ నాలుగేళ్లు బాగా నడుస్తుందా? కాన్ఫరెన్స్ మారితే మీ అమ్మాయికి బస్సు దారి మారుతుంది. కాలేజీ డబ్బుకి ఇబ్బంది పడితే ఆమె మేజర్‌కే (డిగ్రీలో ప్రధానంగా చదివే సబ్జెక్టుకే) ఎసరు వస్తుంది. మా అమ్మాయి జూనియర్‌గా (ఇక్కడ మూడో ఏడాది వాళ్లని అలా అంటారు) ఉండగా వాళ్ల కాలేజీలో ఒక డిపార్ట్‌మెంట్ ఎత్తేశారు. ఆమెది కాదు, ఆమె రూమ్మేట్‌ది. ఆ పిల్ల జట్టులో రెండో నంబర్ ప్లేయర్. మరుసటి ఏడాది వేరే రాష్ట్రానికి మారిపోయింది. జట్టు ఎంత మిగిలినా ఆమె లేని లోటు మా పిల్లకి చివరిదాకా తీరలేదు.

కాబట్టి కాలేజీలకి వెళ్లినప్పుడు కొన్ని సంగతులు మొహమాటం లేకుండా అడగండి. గత అయిదేళ్లలో విద్యార్థుల సంఖ్య పెరిగిందా తగ్గిందా, ఏ డిపార్ట్‌మెంట్లు తీసేశారు అని అడ్మిషన్ ఆఫీసులో అడగండి, తడబడకుండా చెబితే మంచి గుర్తు. కోచ్‌ని మాత్రం వేరేవి అడగాలి. జట్టులో సీనియర్లు ఎంతమంది, మీ అమ్మాయి వచ్చే ఏడాది సింగిల్స్‌లో ఎన్ని చోట్లు ఖాళీ అవుతాయి, సింగిల్స్‌లో ఆఖరి చోటైన ఆరో నంబర్‌లో ఆడే పిల్ల రేటింగ్ ఎంత. మన పిల్లలు పేరు చూసి గస్టేవస్, కార్ల్‌టన్ అని పరుగెడతారు. అక్కడ చోటు దక్కితే గొప్పే. దక్కకపోతే నాలుగేళ్లు బెంచీ మీద కూర్చుని చప్పట్లు కొట్టడం పదిహేడేళ్ల పిల్లకి ఎంత కష్టమో నేను చూశాను. వేరే కాలేజీలో నాలుగో నంబర్‌గా ప్రతి మ్యాచ్ ఆడిన పిల్ల ముఖంలో ఉండే వెలుగు అక్కడ లేదు.

మళ్లీ బస్సు గురించి. మ్యాప్ తెరిచి చూడండి. ఆగ్స్‌బర్గ్, హామ్‌లిన్, మెకాలెస్టర్, సెయింట్ కేథరిన్, బెథెల్ అన్నీ ట్విన్ సిటీస్‌లోనే, అంటే మినియాపోలిస్, సెయింట్ పాల్ జంట నగరాల ప్రాంతంలోనే. నార్త్‌ఫీల్డ్ గంట లోపు. సెయింట్ పీటర్, సెయింట్ బెనెడిక్ట్ గంటన్నర లోపు. మూర్‌హెడ్ ఉత్తర డకోటా సరిహద్దులో, డులూత్ సుపీరియర్ సరస్సు ఒడ్డున, వినోనా మిసిసిపీ పక్కన. మూర్‌హెడ్ నుంచి వినోనాకి బస్సులో ఐదు గంటలకు పైనే పడుతుంది. అంటే ఊరి మధ్యలో ఉన్న కాలేజీలో చేరితే ఎక్కువ మ్యాచ్‌లకి ప్రయాణం ఇట్టే అయిపోతుంది. అంచున ఉన్నదాంట్లో చేరితే ప్రతి రెండో వారం దూరమే. మా అమ్మాయి ఒకసారి ఏప్రిల్‌లో మూర్‌హెడ్ నుంచి తిరిగొస్తుంటే మంచు పడి బస్సు రాత్రి రెండింటికి చేరింది, పొద్దున ఎనిమిదింటికి ఆర్గానిక్ కెమిస్ట్రీ పరీక్ష. ప్రొఫెసర్ ఆమెను చూసి మధ్యాహ్నం రాయమన్నాడు. అడక్కుండానే అన్నాడు. కాన్ఫరెన్స్‌లో ఎవరు చేరారు, ఎవరు పోయారు అన్నది అంతిమంగా మన పిల్లలకి తగిలేది ఇక్కడే, బస్సులోనూ మర్నాటి పరీక్షలోనూ. మీ అమ్మాయి చదవాలనుకునే డిపార్ట్‌మెంట్‌లో ఆటలు ఆడే పిల్లలు ఎంతమంది ఉన్నారో, ల్యాబ్ వేళలు మ్యాచ్‌లతో తగువు పడితే ఏం చేస్తారో ఒక జూనియర్ని పక్కకి పిలిచి అడగమనండి. కోచ్ ముందు కాదు.

ఆఖరుగా ఒక పని చెయ్యండి. కాలేజీ టూర్‌లో చూపించే జిమ్ములూ ట్రోఫీ అల్మారాలూ కంటే ఒక మామూలు మ్యాచ్ ఎక్కువ చెబుతుంది. ఏప్రిల్ మొదట్లో ఇంకా బయట చలిగా ఉంటుంది కాబట్టి చాలా మ్యాచ్‌లు ఇండోర్ కోర్టుల్లోనే జరుగుతాయి. వెళ్లి మీ అమ్మాయిని గెలిచే జట్టు వైపు కాకుండా ఓడిపోతున్న జట్టు వైపు కూర్చోబెట్టండి. మూడో సెట్‌లో వెనకబడ్డ పిల్లని మిగతా పిల్లలు ఎలా పిలుస్తున్నారో, కోచ్ నీళ్ల బాటిల్ అందిస్తూ ఏమంటోందో వినమనండి. ఆ తర్వాత ఇంటికొచ్చి మళ్లీ మాట్లాడుకుందాం. ఏ కాలేజీల మధ్య తేల్చుకోలేకపోతున్నారో రాయండి, వాటి ప్రయాణాల సంగతి నాకు తెలిసినంత చెబుతాను.